సింహమా, కత్తికోరల పిల్లా? పురాతన పెద్ద పిల్లుల ఎముకలను గుర్తుపట్టడం ఎలా

లాస్ ఏంజెల్స్ నగరం నడిబొడ్డున, పెద్ద రోడ్డు పక్కనే, రాంచో లా బ్రేయా తారు గుంటలు ఉన్నాయి. నేల లోపలి నుంచి ఉబికి వచ్చే తారులో సుమారు 50,000 ఏళ్ల కిందటి నుంచి జంతువులు చిక్కుకుంటూ వచ్చాయి. ఒక బైసన్ దిగబడితే, దాన్ని తినడానికి తోడేళ్లు, పెద్ద పిల్లులు వచ్చేవి. వచ్చినవీ అక్కడే దిగబడేవి. అందుకే అక్కడ దొరికిన పెద్ద క్షీరదాల్లో దాదాపు 90 శాతం మాంసాహారులే. స్మైలోడాన్ అనే కత్తికోరల పిల్లి ఎముకలైతే వేల జంతువులవి బయటపడ్డాయి. అదే తారులో అమెరికన్ సింహం, అంటే పాంథెరా ఎట్రాక్స్ ఎముకలు కూడా ఉన్నాయి, కానీ చాలా తక్కువ.

ఈ రెండు జంతువుల ఎముకలూ ఒకే గోధుమ నలుపు రంగులో ఉంటాయి. సైజు కూడా దగ్గరదగ్గరే. విడివిడిగా, ఒకదానిలో ఒకటి కలిసిపోయి దొరుకుతాయి. కాబట్టి పెద్ద పిల్లుల ఎముకలు గుర్తుపట్టడం నేర్చుకోవడానికి దీనికి మించిన బడి నాకు తెలియదు. ఈ మార్గదర్శిలో ఎక్కువ ఉదాహరణలు అక్కడివే. అవసరమైన చోట మన కర్నూలు గుహల దగ్గరికీ వెళ్దాం.

ఒక మాట మొదట్లోనే చెప్పాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు అందరూ సైజుతో మొదలుపెడతారు. "ఇంత పెద్దది కదా, సింహమే అయి ఉంటుంది" అంటారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఒక పెద్ద భుజాస్థి (మోచేతికి పైన ఉండే ఎముక) అచ్చు చేతికిస్తే, బరువు చూసి సింహం అనేశాను. నేర్పుతున్నావిడ దాని కింది చివర చూపించి "ఇక్కడ రంధ్రం ఏది?" అని అడిగారు. లేదు. పిల్లి కుటుంబం భుజాస్థిలో అక్కడ ఒక రంధ్రం ఉంటుంది. ఇది ఎలుగుబంటి ఎముక. ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. ఆ జంతువు ఆ ఎముకతో ఏం పని చేసేదో ముందు చూస్తాను. సైజు అన్నిటికంటే చివర చూస్తాను.

ఎముకను కదిలించే ముందు

మట్టిలో కనిపించిన ఎముకను వెంటనే పైకి లాగకండి. ఏ పొరలో ఉంది, పక్కన ఇంకేం ఎముకలు ఉన్నాయి, ఎటు తిరిగి ఉంది అన్నవి పోతే, దాని వయసు చెప్పడానికి ఆధారమే పోతుంది. పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి, దగ్గర నుంచీ దూరం నుంచీ కూడా. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకోండి. తడిగా ఉన్న ఎముక ఎండలో పెడితే పగిలిపోతుంది, నీడలో నిదానంగా ఆరాలి. విరిగిన ముక్కలను సూపర్ గ్లూతో అతికించడం, పైన వార్నిష్ పూయడం రెండూ వద్దు. ఆ జిగురు కిందే మనకు కావలసిన గుర్తులు ఉంటాయి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. అమెరికాలో ఉంటున్న మనవాళ్లు హైకింగ్‌కు వెళ్లినప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఇది: ఫెడరల్ భూముల్లో వెన్నెముక ఉన్న జంతువుల శిలాజాలను అనుమతి లేకుండా తీసుకోవడం నేరం. 2009లో వచ్చిన చట్టం దీన్ని ఇంకా స్పష్టం చేసింది. ప్రైవేటు భూమి అయితే యజమాని అనుమతి కావాలి. ఇక్కడ మన దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. చేతిలో ఉన్నది శిలాజం కాక, ఈ మధ్య చనిపోయిన పులిదో చిరుతదో ఎముక అయితే, దాన్ని ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అనుమానం ఉంటే అటవీ శాఖకు చెప్పాలి. శిలాజమే అనిపిస్తే భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెప్పవచ్చు. దాని దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది.

ఇది నిజంగా పాత ఎముకేనా?

రంగును నమ్మకండి. లా బ్రేయా ఎముకలు తారు పీల్చుకుని నల్లబడ్డాయి తప్ప రాయిగా మారలేదు, అసలు ఎముకే అలాగే ఉంది. గుహల్లో దొరికేవి పాలిపోయి, సుద్దలా ఉండవచ్చు. నదుల్లో దొరికేవి ఖనిజాలు చేరి బరువెక్కి ఉండవచ్చు. కొత్త ఎముక కాస్త జిడ్డుగా ఉంటుంది, వాసన ఉంటుంది, కీళ్ల దగ్గర ఎండిన నరాల ముక్కలు అంటుకుని ఉంటాయి. అంచు కాల్చి వాసన చూడమని కొందరు చెబుతారు. దయచేసి ఆ పని చేయకండి. వయసు లెక్కకట్టడానికీ డీఎన్ఏ తీయడానికీ పనికొచ్చే భాగమే అలా కాలిపోతుంది.

ముందు డెక్కల జంతువులను పక్కన పెట్టండి

ఎక్కడ తవ్వినా ఎక్కువగా దొరికేవి ఆవు, జింక, గుర్రం లాంటి వాటి ఎముకలు. వీటిని తీసేయడం సులువు. ఆవు, జింకల కాలి కింది పొడవాటి ఎముక రెండు ఎముకలు కలిసిపోయి ఒకటైనది, కింద రెండు కప్పీల్లాంటి చివరలు ఉంటాయి. మడమ దగ్గరి చీలమండ ఎముకకు పైనా కిందా కప్పీ ఆకారం ఉంటుంది. పిల్లి చీలమండ ఎముకకు పైన మాత్రమే గాడి ఉంటుంది. కింద గుండ్రటి తల, దానికో మెడ ఉంటాయి. పిల్లికి ముందు పంజాలో ఐదు పంజా ఎముకలు, వెనక పాదంలో పనికొచ్చేవి నాలుగు. అన్నీ విడివిడిగా ఉంటాయి. ఐదోది వెనక పాదంలో చిన్న మొండి ముక్కలా మిగిలిపోయింది.

దవడలో మడతలు మడతలుగా, మేతను నూరే పెద్ద చెంపపళ్లు ఉంటే ఇక ఆలోచించాల్సిన పని లేదు, గడ్డి తినేదే.

మాంసాహారుల్లో పిల్లిని పట్టుకోవడం

అసలు నైపుణ్యం ఇక్కడే ఉంది. తోడేలు, ఎలుగు, హైనా, పిల్లి ఎముకలు పక్కపక్కన పెడితే కొత్తవాళ్లకు ఒకేలా కనిపిస్తాయి. నేను మూడు చోట్ల చూస్తాను.

మొదటిది భుజాస్థి, అంటే మోచేతికి పైన ఉండే ఎముక. దాని కింది చివర లోపలివైపు, కీలుకు కొంచెం పైన, పిల్లి కుటుంబంలో ఏటవాలుగా ఒక రంధ్రం ఉంటుంది. బతికున్నప్పుడు ఒక రక్తనాళం, ఒక నరం అందులోంచి కిందికి పోయేవి. ఆ నాళాన్ని కప్పే సన్నని ఎముక వంతెన విరిగిపోయినా, అది ఉన్న గుర్తు రెండు మొండి ముక్కలుగా కనిపిస్తుంది. వేలితో తడిమి చూడండి. కుక్కలు, తోడేళ్లకు ఈ రంధ్రం ఉండదు. వాటికి ఇంకో చోట, కీలుకు సరిగ్గా పైన మధ్యలో, ఇటు నుంచి అటు కనిపించే బెజ్జం ఉంటుంది. పిల్లికి అది ఉండదు. హైనాకు లోపలివైపు రంధ్రం ఉండదు. మామూలు ఎలుగులకూ ఉండదు. అయితే అమెరికా ఖండాల పొట్టిమొహం ఎలుగు, దాని బంధువైన కళ్లజోడు ఎలుగులకు ఇది ఉంటుంది. లా బ్రేయాలో పొట్టిమొహం ఎలుగు కూడా దొరికింది. కాబట్టి రంధ్రం కనిపించగానే పిల్లి అని రాసేయకండి. ఎలుగు భుజాస్థి ముందువైపు కండరం అతుక్కునే గట్టు చాలా కిందివరకూ దిగుతుంది, దాన్ని కూడా చూడండి.

ఈ ఒక్క ఎముక నేర్చుకోవడానికి పెద్ద మ్యూజియం అక్కర్లేదు. జీవశాస్త్రం ల్యాబుల్లో పిల్లి అస్థిపంజరం ఉంటే అడిగి చూడండి. అందులో అదే రంధ్రం, అదే ఆకారం చిన్నగా కనిపిస్తుంది. పిల్లి నుంచి పులి వరకూ ఈ కుటుంబంలో ఎముకల నమూనా ఆశ్చర్యంగా ఒకేలా ఉంటుంది. అదే మనకు వరం. వాళ్లలో వాళ్లను వేరుచేయాల్సి వచ్చినప్పుడు మాత్రం అదే కష్టం.

రెండోది గోరు. మనవాళ్లు లాకెట్‌లో వేసుకునే పులిగోరు అసలు ఎముక కాదు, ఎముక మీద ఉండే పై తొడుగు. అది కుళ్లిపోతుంది, శిలాజంగా మిగిలేది లోపలి ఎముక మాత్రమే. పిల్లి గోటి ఎముక పక్కల నుంచి నొక్కినట్టు చదునుగా, ఎత్తుగా, కొక్కెంలా ఉంటుంది. మొదట్లో చుట్టూ ఎముకతోనే ఒక ముసుగు ఉంటుంది, గోరు ఆ ముసుగులో దిగబడి ఉంటుంది. కుక్క గోటి ఎముక మొద్దుగా, తక్కువ వంపుతో ఉంటుంది. ఎలుగుది పొడుగ్గా ఉంటుంది.

దానికంటే నాకు ఇష్టమైనది గోటికి వెనకున్న మధ్య కణుపు. ఇంట్లో పిల్లి పంజాను మెల్లగా నొక్కితే గోరు బయటికి వస్తుంది, వదిలితే లోపలికి పోతుంది. లోపలికి పోయిన గోరు మధ్య కణుపు పక్కన పడుకుంటుంది. అందుకోసం ఆ కణుపు ఒకవైపు లోపలికి తొలిచినట్టు ఉంటుంది. అంటే ఎముక రెండు పక్కలా సమానంగా ఉండదు. కుక్కలో, ఎలుగులో రెండు పక్కలూ ఒకేలా ఉంటాయి. బొటనవేలంత ఉండే ఈ చిన్న ఎముకను చాలామంది పనికిరానిదని పక్కన పడేస్తారు. నిజానికి తల దొరకనప్పుడు "ఇది పిల్లి" అని ధైర్యంగా చెప్పించే ఎముక ఇదే.

మూడోది పళ్లు. పెద్ద పిల్లికి మొత్తం 30 పళ్లు, కుక్కకు 42. పిల్లి చెంపపళ్లలో నమలడానికి ఏమీ లేదు, అన్నీ కోసేవే. పైదవడలోని ఒక పన్ను, కిందిదవడలోని చివరి పన్ను అడకత్తెరలా ఒకదాని పక్కన ఒకటి జారుతూ మాంసాన్ని కోస్తాయి. వీటిని కార్నేసియల్ పళ్లు అంటారు. కింది కార్నేసియల్‌ను పక్క నుంచి చూడండి. పిల్లిలో కత్తి అంచుల్లాంటి రెండు అలుగులు మధ్యలో ఒక చీలికతో కలుసుకుంటాయి, అంతటితో పన్ను అయిపోతుంది. కుక్కలో ఆ అలుగుల వెనక చిన్న రోలులాంటి గుంట ఉన్న భాగం ఇంకా మిగిలి ఉంటుంది, అది నలిపేందుకు. హైనాలో ఆ భాగం బాగా చిన్నదైపోయింది. కానీ దాని ముందున్న పళ్లు ఎముకలు పగలగొట్టేలా లావుగా, శంకువుల్లా ఉంటాయి. ఎలుగు చెంపపళ్లు మన దంతాల్లా గుబ్బలు గుబ్బలుగా ఉంటాయి, వాటిని చూసి పొరబడటం కష్టం.

కోరపన్ను మాత్రమే దొరికితే దాని పక్కలు చూడండి. సింహం, పులి కోరల మీద నిలువుగా సన్నని గాడులు ఉంటాయి. ఎలుగు కోర మీద ఉండవు.

కత్తికోరల పిల్లా, పులి–సింహం వర్గమా?

పిల్లి అని తేలాక వచ్చే పెద్ద ప్రశ్న ఇది. పై కోర దొరికితే ఒక్క చూపులో తేలిపోతుంది. పులి, సింహం కోర అడ్డకోత దాదాపు గుండ్రంగా ఉంటుంది. స్మైలోడాన్ కోర పక్కల నుంచి చదునుగా, వెనక్కి వంగి ఉంటుంది. దక్షిణ అమెరికాలోని పెద్ద జాతి స్మైలోడాన్ పాపులేటర్‌లో వేరుతో కలిపి సుమారు 28 సెం.మీ. వరకూ పెరిగింది. ఆ జాతిని 1842లో బ్రెజిల్‌లోని లగోవా సాంటా గుహల ఎముకలతో డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్ విల్హెల్మ్ లుండ్ వర్ణించాడు. లా బ్రేయాలోని స్మైలోడాన్ ఫాటాలిస్ కోర అంతకంటే చిన్నది. కోర అంచు మీద గోరు నెమ్మదిగా రాసి చూడండి. స్మైలోడాన్‌లో చాలా సన్నని రంపపు పళ్లు ఉంటాయి, ముసలి జంతువులో అవి అరిగిపోతాయి. హోమోథీరియం అనే ఇంకో కత్తికోరల పిల్లిలో కోర పొట్టిగా, వెడల్పుగా ఉండి, అంచు కక్కు కొడవలిలా గరుకుగా తగులుతుంది.

కోర లేకపోతే కిందిదవడ చాలు. మూడు విషయాలు చూడండి. గడ్డం ముందుభాగం సింహంలో వాలుగా గుండ్రంగా పోతుంది. కత్తికోరల పిల్లిలో నిలువుగా, చదునుగా ఉండి, కింద పక్కన ఒక మూల దిగుతుంది. పొడవాటి పై కోరకు ఆ మూల ఒరలాంటిది. మెగాంటెరియాన్ అనే జాతిలో అది పెద్దది, స్మైలోడాన్‌లో చిన్నది. రెండోది, దవడ వెనకభాగంలో పైకి లేచే రెక్క. నమిలే కండరం దాన్నే పట్టుకుంటుంది. సింహంలో అది ఎత్తుగా ఉంటుంది. స్మైలోడాన్‌లో పొట్టిగా ఉంటుంది, లేకపోతే నోరు సింహం కంటే రెట్టింపు వరకూ తెరవడం దానికి సాధ్యమయ్యేది కాదు. మూడోది, కింది కోర. సింహంలో అది పెద్దది. స్మైలోడాన్‌లో చిన్నదై ముందుపళ్ల వరసలో కలిసిపోయినట్టు ఉంటుంది. ఈ మూడింట్లో రెండు కనిపిస్తే చాలు, ఇక సందేహం అక్కర్లేదు.

పుర్రె వెనక భాగం మాత్రమే ఉంటే చెవి వెనక ఎముక చూడండి. స్మైలోడాన్‌లో అది ముందుకీ కిందికీ పొడుచుకు వస్తుంది. తలను బలంగా కిందికి లాగే మెడ కండరాలు అక్కడ అతుక్కుంటాయి.

కాళ్ల ఎముకల్లో తేడా కథలా చదవవచ్చు. స్మైలోడాన్ పరుగెత్తి పట్టే జంతువు కాదు. వేటను ముందుకాళ్లతో నేలకు అదిమిపట్టి, ఆ తర్వాతే కోర దించేది. కోర పక్కబలానికి విరిగిపోతుంది కాబట్టి వేట కదలకూడదు. అందుకే దాని భుజాస్థి లావుగా, కింది చివర వెడల్పుగా ఉంటుంది. ఎక్స్‌రేలు తీస్తే లోపలి గోడ కూడా మామూలు పిల్లుల కంటే మందంగా ఉన్నట్టు 2010లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. పంజా ఎముకలు పొట్టిగా, బలిష్ఠంగా ఉంటాయి. వెనక కాళ్లు పొట్టి, తోక పూసలు కూడా చిన్నవే. అమెరికన్ సింహానివి పొడుగ్గా, నాజూగ్గా ఉంటాయి. లా బ్రేయా ఎముకల్లో ఒక పంజా ఎముకను టేబుల్ మీద పెట్టి, పొడవును మధ్యభాగం మందంతో పోల్చి చూస్తే చాలాసార్లు జవాబు దొరుకుతుంది. హోమోథీరియం ముందుకాళ్లు మాత్రం పొడవు, బొటనవేలి గోరు తప్ప మిగతా గోళ్లు చిన్నవి.

ఈ దశలో ఊరు, కాలం కూడా సాయం చేస్తాయి. స్మైలోడాన్ అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా బతకలేదు. అనంతపురంలో దొరికిన ఎముక స్మైలోడాన్ కాదు. హోమోథీరియం మాత్రం ఆఫ్రికా, యూరప్, ఆసియా, అమెరికాలన్నిటా తిరిగింది. 2000లో ఉత్తర సముద్రంలో చేపల వల దాని దవడ ఒకటి పైకి లాగింది. వయసు చూస్తే సుమారు 28,000 ఏళ్లు. యూరప్‌లో ఆ జాతి అంతకు ఎన్నో లక్షల ఏళ్ల ముందే పోయిందని అనుకుంటున్న రోజులవి. తర్వాత అందులోంచి డీఎన్ఏ కూడా తీశారు. సైబీరియాలోని యాకూటియాలో 2020లో మంచులో దొరికిన హోమోథీరియం పిల్ల సంగతి 2024లో ప్రచురించారు. బొచ్చు, మీసాలతో సహా ఉన్న ఆ మూడు వారాల కూన ఫొటో చూసినప్పుడు, ఇన్నాళ్లూ ఎముకలుగా మాత్రమే తెలిసిన జంతువు మొహం మొదటిసారి కనబడి నాకు మాట రాలేదు.

ఇంకో రెండు రకాలతో జాగ్రత్త. దక్షిణ డకోటా బాడ్‌లాండ్స్‌లో దొరికే నిమ్రావిడ్లు పొడవాటి కోరలతో అచ్చం పిల్లుల్లా ఉంటాయి, కానీ ఈ కుటుంబం కాదు. నిజమైన పిల్లిలో చెవి కింది ఎముక గుబ్బ లోపల ఎముకతోనే ఒక అడ్డగోడ ఉంటుంది, వాటిలో ఉండదు. దక్షిణ అమెరికాలోని థైలకోస్మైలస్ సంచి జంతువుల దూరపు చుట్టం. దాని కోర వేరు కళ్ల పైవరకూ పుర్రెలోకి పాకుతుంది.

సింహం, పులి, జాగ్వార్, చిరుత

ఇక్కడికి వచ్చేసరికి ధైర్యం తగ్గించుకోవాలి. పులి, సింహాల కాళ్ల ఎముకలు విడిగా చూసి వేరుచేయడం నిపుణులకే కష్టం. పూర్తి పుర్రె ఉంటే కొంత ఆశ ఉంది. కిందిదవడను బల్ల మీద పెట్టి వేలితో ముందుకు నొక్కండి. సింహం దవడ కింది అంచు వంపుగా ఉంటుంది కాబట్టి ఊగుతుంది. పులిది సాధారణంగా నిలకడగా కూర్చుంటుంది. ఆపై ముక్కు ఎముకలు పైన ఎక్కడ ఆగాయో చూడండి. పులిలో అవి పక్కనున్న దవడ ఎముక చివరను దాటి నుదుటివైపు ఎక్కువ వెనక్కి పోతాయి. సింహంలో రెండూ దాదాపు ఒకే గీత మీద ఆగుతాయి. రెంటికీ మినహాయింపులున్నాయి, ఒక్క గుర్తు మీద తీర్పు చెప్పకండి.

చిరుతను వేరుచేయడానికి మాత్రం ఇప్పుడు సైజు పనికొస్తుంది. వర్నియర్ కాలిపర్‌తో కింది కార్నేసియల్ పొడవు కొలవండి. చిరుతలో అది సాధారణంగా 20 మి.మీ. లోపే. పులి, సింహాల్లో 25 మి.మీ.కు అటూ ఇటూ, ఒక్కోసారి బాగా పైన.

ఒక్క పన్నుతో ఎంత పెద్ద మాట చెప్పవచ్చో శ్రీలంక చూపించింది. 1939లో శ్రీలంక శాస్త్రవేత్త డెరనియగల ఆ దీవిలో ఒకప్పుడు సింహాలు ఉండేవని ప్రకటించాడు. ఆధారం ముఖ్యంగా ఒక కింది కార్నేసియల్ పన్ను. అదే దీవిలో పులి ఎముకలు కూడా తర్వాత గుర్తించారు. ఈ రోజు అక్కడ సింహమూ లేదు, పులీ లేదు. అమెరికన్ సింహం కథ కూడా ఇలాంటిదే. 1853లో అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ లీడీ ఆ జాతికి పేరు పెట్టింది మిసిసిపీలోని నాచెజ్ దగ్గర దొరికిన ఒక దవడ ముక్కను చూసి. అది సింహానికి దగ్గరా, జాగ్వార్‌కు దగ్గరా అన్న వాదన తర్వాత ఎన్నో దశాబ్దాలు నడిచింది. ఈ మధ్య డీఎన్ఏ దాన్ని యూరప్, సైబీరియాల గుహ సింహం పక్కన కూర్చోబెట్టింది.

మన దగ్గరికి వస్తే, నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గరి బిలస్వర్గం గుహలను 1880లలో బ్రిటిష్ భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు తవ్వించారు. అందులోని ఎముకలను శిలాజ శాస్త్రవేత్త రిచర్డ్ లిడెక్కర్ 1886లో వర్ణించాడు. పులితో పాటు ఇప్పుడు భారతదేశంలో లేని మచ్చల హైనా కూడా ఆ జాబితాలో ఉంది. కాబట్టి కర్నూలు, నంద్యాల గుహల్లో దొరికే మాంసాహారి దవడను చూస్తే పులి, చిరుత, హైనా, ఎలుగు ఈ నాలుగింటినీ మనసులో పెట్టుకుని చూడాలి. కత్తికోరల కోసం వెతకాలంటే ఉత్తరాన శివాలిక్ కొండలకు వెళ్లాలి. అక్కడి పై పొరల్లో మెగాంటెరియాన్ దొరికింది.

పిల్లలూ, గాయాలూ

చిన్న ఎముక కనిపిస్తే చిన్న జాతి అనుకోవడం చాలా మామూలు తప్పు. ముందు చివరలు చూడండి. పెరుగుతున్న జంతువులో ఎముక చివర మూత వేరుగా ఉంటుంది. ఆ మూత ఊడిపోతే గరుకైన, అలలు అలలుగా ఉన్న ముఖం కనిపిస్తుంది. పైపొర సన్నని రంధ్రాలతో ఉంటుంది. అలాంటిది సింహం పిల్ల కావచ్చు, చిరుత అని రాయకండి. స్మైలోడాన్‌కు పాలకోరలు కూడా ఉండేవి. అసలు కోర నెలకు సుమారు 6 మి.మీ. చొప్పున పెరిగి, మూడేళ్లకు పూర్తిగా బయటికి వచ్చేదని 2015 నాటి అధ్యయనం లెక్కకట్టింది. కాబట్టి పొట్టి కోర అంటే వేరే జాతి అనుకోవాల్సిన పని లేదు, వేరు చివర తెరిచి ఉందా మూసుకుందా చూడండి.

గాయాలు ఇంకో రకంగా మోసం చేస్తాయి. లా బ్రేయా స్మైలోడాన్ ఎముకల్లో విరిగి అతుక్కున్నవి, కీళ్లు వాచినవి చాలా ఉన్నాయి, ముఖ్యంగా భుజం, నడుము దగ్గర. బలంగా పెనుగులాడే జీవితం అది. అలాంటి ఎముక లావుగా, వంకరగా మారి కొత్త జాతిదిలా కనిపిస్తుంది. వింత ఆకారం చూసినప్పుడు ముందు రోగమేమో అనుకోండి, తర్వాతే కొత్త జాతి.

కొనాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక

ఆన్‌లైన్‌లో అమ్మే కత్తికోరల్లో ప్లాస్టిక్ రెసిన్‌తో పోసినవి, రెండు మూడు జంతువుల ముక్కలు కలిపి అతికించినవి ఎక్కువ. చైనాలోని లిన్‌షియా ప్రాంతం పుర్రెలు దీనికి పేరుపడ్డాయి. అక్కడి ఒక పుర్రెను చూసి 2009లో ప్రపంచంలోకెల్లా పాత చీతా అని ప్రసిద్ధ పత్రికలో ప్రచురించారు. అది అతికించి చేసిన నకిలీ అని తేలడంతో 2012లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. నిపుణులే మోసపోయారంటే మనం ఫొటో చూసి కొనడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. నేర్చుకోవడానికైతే డబ్బు ఖర్చు అక్కర్లేదు, మార్ఫోసోర్స్ లాంటి సైట్లలో అసలు పుర్రెల త్రీడీ నమూనాలను ఇంట్లోనే తిప్పి చూడవచ్చు.

చివరగా, పేరు రాయడం

ఎముక ఎడమదా కుడిదా ముందు తేల్చండి. ఒకే గుంటలో ఎన్ని జంతువులు ఉన్నాయో లెక్కించాలంటే, ఉదాహరణకు ఎడమ భుజాస్థులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. తర్వాత ఆరు వైపుల నుంచి ఫొటోలు, పొడవు, రెండు చివరల వెడల్పు, మధ్యభాగం మందం. కొలతలు మూడుసార్లు తీసి సగటు రాయండి.

పేరు మాత్రం ఎముక చెప్పినంతవరకే రాయాలి. గోటి ఎముక ఒక్కటే ఉంటే "పిల్లి కుటుంబం, పెద్దది" అన్నది నిజాయితీ గల జవాబు. దవడ ఉండి, ఒక గుర్తు స్పష్టంగా లేకపోతే "పులిని పోలినది" అని రాస్తారు. అలా రాయడం తక్కువతనం కాదు. రేపు ఇంకొకరు మెరుగైన ఎముకతో వచ్చినప్పుడు మీ లేబుల్ వాళ్లకు అడ్డం పడకుండా ఉంటుంది. నా నోటుపుస్తకంలో నేను ఇష్టపడే లేబుల్ నమూనా ఇది. మీ చేతిలోని ఎముకకు తగ్గట్టు మార్చుకోండి:

ఎముక: ఎడమ భుజాస్థి, కింది సగం.
స్థలం, పొర: గుహ పేరు, గదిలో ఏ మూల, నేల నుంచి ఎంత లోతు.
చూసిన గుర్తులు: లోపలివైపు రంధ్రం ఉంది, వంతెన విరిగింది. కీలు పైన మధ్యలో బెజ్జం లేదు. ముందు గట్టు సగంలోనే ఆగింది. కీలు మూత అతుక్కుంది, పెద్ద జంతువు.
పేరు: పిల్లి కుటుంబం, పాంథెరా. పులి లేదా సింహం, తేల్చలేదు.
చూసినవారు, తేదీ.